ఎరువు సొమ్ము

మార్చి నెల. విర్త్సు రేవులో సముద్రం ఇంకా సగం గడ్డకట్టే ఉంది.
పడవ మంచును విరగ్గొట్టుకుంటూ పోతుంటే
టిక్కెట్ల గది అద్దాలు సన్నగా వణుకుతాయి.
ఆఖరి పడవ వెళ్ళిపోయాక
మెర్లె కాఫీ వేడిచేసుకుని
ఒక్క ఆజ్ఞ టైపు చేసింది:
ఎవరెవరి మీద ఆనుకుని బతుకుతున్నామో చెప్పు.

తెర మీద జాబితా దిగడం మొదలైంది.
దిగుతూనే ఉంది.

రేవు వాళ్ళు సొంతంగా రాసుకున్నది తొమ్మిది వేల పంక్తులు.
తెచ్చుకున్నది పద్నాలుగు లక్షలు.
తేదీల లెక్కకు ఒకరి దగ్గర,
బొత్తాల రంగుకు ఇంకొకరి దగ్గర,
కారు నంబరులో ఖాళీలు తుడవడానికి మరెవరి దగ్గరో.
ఎరువు సొమ్ము బరువు చేటంటారు.
బరువు ఇన్నాళ్ళూ తెలియలేదు,
పడవ మునగలేదు గనక.

పాతబడ్డవాటికి పసుపు గీతలు,
కన్నాలు పడ్డవాటికి ఎర్రవి.
పసుపంటే ఆమెకు పెద్ద పట్టింపు లేదు.
ముప్పై ఏళ్ళ స్వెట్టరు వేసుకునే కూర్చుంది,
మోచేతి దగ్గర అమ్మమ్మ వేసిన అతుకుతో.
కొత్తది తెస్తే మాత్రం తగువులు లేవా?
ఇది అదొస్తే గడప దాటనంటుంది,
అది ఐదో వెర్షన్ వస్తే గానీ తిననంటుంది,
ఒకరిని కూర్చోబెడితే ఇంకొకరు లేస్తారు.

పన్నెండుకు చెయ్యి ఆగింది.
ఎర్ర గీత. తీవ్రత: అత్యధికం.
ఎన్నడూ వినని పేరు.
టిక్కెట్టుకు రసీదు, రసీదుకు అచ్చు, అచ్చుకు అక్షరాలు,
అలా ఏడు మెట్లు దిగితే
వేలు విడిచిన చుట్టానికి వేలు విడిచిన చుట్టం,
నలభై రెండు పంక్తుల చిన్న మూట.
చుక్కలున్న అచ్చుల్ని
చుక్కలెరగని యంత్రాలకు అర్థమయ్యేలా మార్చడం దాని పని.
పేరు గడిలో పేరుకు బదులు
ఎవరైనా ఒక వంకర వాక్యం రాస్తే
నమ్మి, తలుపు తీస్తుంది.

ఎవడ్రా వీడు, అనుకుంది,
వచ్చినవాణ్ణి వచ్చినట్టు లోపలికి పంపేవాడు?

రాసినవారు: తల్వెవారెస్.
చలికాలపు కాకి.

కప్పు బల్ల మీద పెట్టాననుకుంది.
అక్కడ బల్ల లేదు.

తార్తులో హాస్టల్ గది. పందొమ్మిదేళ్ళు.
హీటరు చచ్చిపోయిన ఫిబ్రవరి.
క్యుల్లి పేరు బస్సు పాసు మీద
మధ్యలో ప్రశ్నార్థకంతో అచ్చయిందని ఆ పిల్ల ఏడిస్తే
నవ్వించడానికి, ఒక్క రాత్రిలో,
వేళ్ళు కత్తిరించిన గ్లవ్స్‌తో రాసింది.
ఎవరైనా వాడుకోవచ్చు అని కింద రాసి
ఒక నవ్వుముఖం పెట్టి
పరీక్షలకు వెళ్ళిపోయింది.
తర్వాత ఫోను మారింది. ఇంటిపేరు మారింది.

వారానికి నాలుగు లక్షల సార్లు దించుకుంటున్నారట దాన్ని.
గుమ్మంలో ముప్పైయేడు ఉత్తరాలు.
మొదటివి మర్యాదగా:
సార్, చిన్న సవరణ పంపాను, చూడగలరు.
తర్వాత పొట్టిగా:
సార్, బతికే ఉన్నారా?
ఆఖరిది మాంటెవిడియో నుంచి, పోయిన శీతాకాలం:
మా ఆసుపత్రిలో రోగుల పేర్లు మీ చేతి మీదుగానే వెళ్తాయి.
కన్నం నేనే పూడ్చాను. మీరు సరేనంటే చాలు.
ఆరు పంక్తులు.
చదివింది. మళ్ళీ చదివింది. సరిగ్గానే ఉన్నాయి.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
దొంగతనం కాదిది,
తలుపు వేశానో లేదో
పద్నాలుగేళ్ళుగా గుర్తు రాకపోవడం.

పాస్‌వర్డ్ మరిచిపోయారా? అని అడిగింది యంత్రం.
మీ మొదటి పిల్లి పేరేమిటి?
మూడు పిల్లుల్ని పేరుపేరునా పిలిచాక
మూడో గంటకు తాళం ఊడింది.
సరే, అని నొక్కింది.
మాంటెవిడియోకు ఏం రాయాలో తోచక
క్షమించండి, అని రాసి, ఆగి,
ఆసుపత్రిలో అందరూ బాగున్నారా, అని చేర్చింది.

ఐదున్నర పడవకు ఐవార్ వచ్చాడు,
చంకలో రై రొట్టె, కనుబొమల మీద మంచు.
నేల మీద కాఫీ మరక చూసి
ఏమైనా దొరికిందా, అన్నాడు.
ఒక కాకి, అంది.
అతను ఇంకేం అడగలేదు. రొట్టె కోశాడు.

జాబితా మళ్ళీ దిగింది.
ఆ గీత లేదు.
ఎర్రవి ఇంకా ఆరున్నాయి.
ఆరుగురికీ ఉత్తరాలు రాద్దామని కూర్చుని
మొదటిదానికి సార్ అని మొదలుపెట్టి
కొట్టేసింది.